ఎత్తు ఆగింది, ఎముక ఆగలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది మునుగోడు దగ్గర ఊరు. బత్తాయి తోట ఉంది. పోయిన డిసెంబరులో మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతకు పోయి ఒక మార్వాడీ జాతి మగ గుర్రపు పిల్లను కొన్నాం. ఏడాది పిల్ల అన్నారు. ఆ లెక్కన ఇప్పుడు 20 నెలలు. "రెండు పళ్లు వేసింది, ఎక్కొచ్చు" అని కూడా అన్నారు. పెళ్లి బరాత్‌లకు తిప్పుదామని మా ఆలోచన. మూడు నెలలుగా ఎత్తు పెరగడం ఆగిపోయింది, అంటే ఎముకలు గట్టిపడ్డట్టేనా? నేర్పే ఉస్తాద్ ఇప్పుడే ఎక్కాలి, లేటైతే మొండికేస్తుంది, వెనక కాళ్ల మీద లేపడం కూడా ఇప్పుడే నేర్పాలి అంటున్నాడు. రేసు గుర్రాలు రెండేళ్లకే పరిగెడుతున్నాయి కదా అంటాడు. ముందు కాళ్లకు మోకాలి పైన, లోపలి వైపు కొంచెం ఉబ్బినట్టుంది. కుంటడం లేదు. రోజుకు మూడు కిలోల గోధుమ పొట్టు, కోసినంత సూపర్ నేపియర్ గడ్డి, బోరు నీళ్లు ఇస్తున్నాం. రోజంతా షెడ్డులోనే కట్టేసి ఉంటుంది. అప్పటిదాకా మా ఏడేళ్ల బాబునైనా కూర్చోబెట్టొచ్చా?

సమాధానం: మీరు అడిగింది ఎక్కడం గురించే అయినా, ఉత్తరం చదవగానే నన్ను టెన్షన్ పెట్టినవి వేరే ఉన్నాయి: ఆ ఉబ్బు, ఆ మూడు కిలోల పొట్టు, ఆ బోరు నీళ్లు. ఎక్కడం సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఇప్పుడు ఎక్కొద్దు. ఈ పెళ్లిళ్ల సీజన్‌కే కాదు, వచ్చే మూడేళ్ల సీజన్లకు కూడా దాన్ని బరాత్ లెక్కలోంచి తీసేయండి.

ముందు వయసు తేల్చుకోవాలి. అమ్మినాయన చెప్పిన రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. గుర్రానికి మధ్యలో ఉండే పాలపళ్లు ఊడి పెద్ద పళ్లు రావడం రెండున్నరేళ్ల దగ్గర జరుగుతుంది. వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు మారతాయి. ఎడ్లకు కింది దవడ చూస్తే చాలు, గుర్రానికి పైనా కిందా చూడాలి. డిసెంబరులో నిజంగా రెండు పళ్లు వేసి ఉంటే ఇప్పటికి దానికి మూడేళ్లు దాటినట్టే. ఏడాది పిల్లే అయితే నోట్లో ముందున్నవన్నీ ఇంకా పాలపళ్లే. సంతలో ఇది మామూలే, కొనేవాడికి ఏ మాట నచ్చుతుందో ఆ మాటే అంటారు. పొద్దున మేత వేయకముందు పెదవులు తెరిచి చూడండి. పాలపన్ను చిన్నగా, తెల్లగా, నున్నగా, చిగురు దగ్గర సన్నబడి ఉంటుంది. పెద్ద పన్ను దానికంటే బాగా వెడల్పు, రంగు కాస్త పసుపు, ముందు వైపు నిలువుగా గాడి కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన ఉంటే తేడా పట్టడం కష్టం కాదు. మిగతా జవాబు 20 నెలలు అన్న లెక్క మీదే రాస్తున్నాను.

ఎత్తు ఆగింది అన్నారు. అందులో వింతేమీ లేదు. గుర్రపు పిల్ల పుట్టేటప్పటికే పెద్ద గుర్రం ఎత్తులో సుమారు 60 శాతం ఉంటుంది. ఏడాదికి 90 శాతం దగ్గరికి వస్తుంది, రెండేళ్లకు 95 దాటుతుంది. ఆ తర్వాత పెరిగేది వేళ్ల మీద లెక్కపెట్టేంతే, అదీ ఆగి ఆగి. అందుకే టేపు పెట్టి కొలిస్తే ఆగినట్టే కనిపిస్తుంది. సంతలో మోచేయి నుంచి డెక్క పైన కీలు దాకా దారంతో కొలిచి, అదే దారాన్ని మోచేయి దగ్గర నుంచి పైకి తిప్పి "ఇంత ఎత్తు అవుతుంది" అని చూపిస్తుంటారు, మీకూ చూపించే ఉంటారు. ఆ అంచనా ఉరామరికగా సరిపోవడానికి కారణం ఉంది. మోకాలి కింది ఎముకల పొడుగు చాలావరకు మొదటి ఏడాదిలోనే పూర్తవుతుంది. పైవాటి పని మాత్రం ఇంకా నడుస్తూ ఉంటుంది.

ఎముక చివర్ల దగ్గర మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటాం. ఎముక పొడుగయ్యేది అక్కడే. ఎదుగుదల అయిపోయాక ఆ పొర కూడా ఎముకగా మారి మూసుకుపోతుంది. మూసుకునేదాకా ఎముక మొత్తంలో బలహీనమైన చోటు అదే. గుర్రంలో ఇవన్నీ ఒక్కసారి మూసుకోవు, ఇంచుమించు కింది నుంచి పైకి వరసగా మూసుకుంటాయి. డెక్క పైనుండే పొట్టి ఎముకలవి, మోకాలి కింది పొడుగు ఎముకది ఏడాది లోపు అయిపోతాయి. మోకాలికి సరిగ్గా పైనున్నది, అంటే మీకు ఉబ్బు కనిపిస్తున్న చోటిది, 24 నుంచి 30 నెలల దాకా తెరిచే ఉంటుంది. వెనక కాలి మడమ కొన, తొడ కింది కీలు, భుజం, తుంటి మూడు, మూడున్నరేళ్ల దాకా సాగుతాయి. అన్నిటికంటే చివర వెన్నెముక. మెడలో 7, వీపులో 18, నడుములో 6 పూసలు, ఒక్కో పూసకు ముందొకటి వెనకొకటి ప్లేట్లు. వీపు, నడుము భాగంలోవి పూర్తిగా మూసుకునేసరికి అయిదారేళ్లు పడుతుంది. మగ పిల్లల్లో ఇంకాస్త ఆలస్యం. మార్వాడీ తొందరగా ముదురుతుంది, ఫలానా జాతి లేటు అని అంటుంటారు గానీ అది చూపుకు కనిపించే తేడా. లోపలి ఎముకల క్యాలెండర్ జాతులన్నిటికీ దాదాపు ఒకటే.

ఇప్పుడు జీను ఎక్కడ వేస్తామో ఆలోచించండి. కింద ఏ కాలూ ఆసరా లేని ఆ వీపు మీదే. మోకాలి ఎక్స్‌రే తీయించి "మూసుకుంది, ఎక్కొచ్చు" అనేవాళ్లున్నారు. ఆ ఎక్స్‌రే మోకాలి గురించే చెప్తుంది, వీపు గురించి ఏమీ చెప్పదు.

రేసు గుర్రాల వాదన కొట్టిపారేసేది కాదు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో అయినా మరెక్కడైనా రెండేళ్ల గుర్రాలు పరిగెడతాయి, నిజమే. రెండేళ్లకే పరుగు మొదలుపెట్టినంత మాత్రాన తొందరగా మూలన పడతాయన్నది కూడా పరిశోధనల్లో నిలబడలేదు. ఎదిగే వయసులో చిన్న చిన్న వేగపు పరుగులు పడితే ఎముక లావెక్కుతుంది, గట్టిపడుతుంది. కానీ అక్కడ పైన కూర్చునే జాకీ 50, 60 కిలోల మనిషి. పరుగు ఒకటి రెండు నిమిషాలు, అదీ మెత్తటి గడ్డి నేల మీద. రోజూ కాళ్లు తడిమి చూసే మనుషులుంటారు. అంత చేసినా ముందు కాలి ఎముక ముందు వైపు నొప్పి పట్టి ఆగిపోయే పిల్లలు బోలెడు.

బరాత్ లెక్క వేరు. 20 నెలల మార్వాడీ పిల్ల 250, 270 కిలోలుంటుంది. పూర్తిగా ఎదిగిన గుర్రానికే జీనుతో కలిపి దాని బరువులో అయిదో వంతు మించకూడదని మామూలు లెక్క. మీ పిల్లకు ఆ లెక్క వేసినా 50, 54 కిలోలు. పెళ్లికొడుకు 75 కిలోలు, షేర్వాణీ, అద్దాల జీను, పక్కన ఎక్కించే తోడు పెళ్లికొడుకు, కలిపితే వంద దాటుతుంది. దాంతో తారు రోడ్డు మీద రెండు మూడు గంటలు, చెవి పక్కన డీజే, మధ్యమధ్యలో వెనక కాళ్ల మీద లేపడం. మొత్తం బరువు పడేది వెనక కాలి మడమ మీద, నడుము మీద. చివర్లో మూసుకునేవి కూడా అవే. పెద్దయ్యాక ఇదే గుర్రం 350 కిలోలు తూగినా 70 కిలోలే దాని వాటా. బరాత్ కోసమే కొనేవాళ్లకు నా సలహా ఒకటే, లావైన పెళ్లికొడుకును చూసి గుర్రాన్ని ఎంచుకోండి, ధర చూసి కాదు.

లేటైతే మొండికేస్తుందన్న మాటకు వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ చాలు జవాబు. అక్కడి లిపిజ్జనర్ గుర్రాలకు మనిషిని మోయడం నేర్పడం నాలుగేళ్ల వయసు దగ్గర మొదలవుతుంది. వెనక కాళ్ల మీద లేవడం ఆ తర్వాత ఏళ్లకు, అదీ చేతనైన గుర్రాలకే. ఇరవై ఏళ్లు దాటినవి కూడా అక్కడ ప్రదర్శనల్లో కనిపిస్తాయి. మొండితనం వచ్చేది మనిషి చెయ్యి అలవాటు కాకపోతే, లేకపోతే వీపు నొప్పి పుడితే. ఉస్తాద్ చేతి పని మంచిదే అయి ఉంటుంది, ఆ చేతిని ఇప్పుడు నేల మీద వాడుకోండి.

ఉబ్బు దగ్గరికి వద్దాం. చేత్తో తడిమి చూడండి. మోకాలి కీలు మీద మెత్తగా నీరు చేరినట్టుంటే ఒక సంగతి. కీలుకు మూడు నాలుగు వేళ్ల పైన, లోపలి వైపు, గట్టిగా గట్టులా తగిలి, కాస్త వేడిగా ఉండి, నొక్కితే కాలు లాక్కుంటే అది గ్రోత్ ప్లేట్ వాపు. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లల్లో, బాగా దాణా తిని బరువెక్కిన వాటిలో, లేదా మేతలో సున్నం (కాల్షియం), భాస్వరం (ఫాస్ఫరస్) లెక్క తప్పిన వాటిలో ఇది తరచూ చూస్తాం. మీరు రాసిన తీరు చూస్తే ఇదే అయి ఉండొచ్చనిపిస్తోంది, కానీ ఎక్స్‌రే లేకుండా తేల్చను. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకుపోండి. బండి కుదరకపోతే ముందు 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం డాక్టర్‌కు చూపించండి. వాతలు మాత్రం పెట్టించొద్దు. మనవైపు ఎడ్లకూ గుర్రాలకూ కీలు వాచిందంటే ముందు గుర్తొచ్చేది వాతే, దానివల్ల చర్మం కాలడం తప్ప లోపలి ప్లేటుకు ఒరిగేది లేదు. మెడికల్ షాపులో నొప్పి ఇంజక్షన్ తెచ్చి వేయించడం కూడా అంతే. నొప్పి తెలియక అది మరింత ఎగురుతుంది.

వాపు తగ్గేదాకా, అంటే కొన్ని వారాలు, చిన్న దొడ్డిలో వదిలి నడవనివ్వండి. తాడు కట్టి గుండ్రంగా తిప్పడం పూర్తిగా మానెయ్యండి. చిన్న వలయంలో తిరిగేటప్పుడు కాలి మీద భారం ఒక పక్కకే పడుతుంది. డెక్కలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి నాల్‌బంద్‌తో, అంటే లాడాలు కొట్టేవాడితో, సమంగా చెక్కించండి. డెక్క ఒక పక్క ఎత్తుగా ఉంటే పైనున్న ప్లేటు మీద కూడా బరువు ఒక పక్కకే వాలుతుంది. మట్టి మీద తిరిగే పిల్లకు లాడాలు అక్కర్లేదు.

ఇక మేత. గోధుమ పొట్టు గుర్రానికి బలం అని ఎవరు చెప్పారో గానీ ఎదిగే పిల్లకు అది దొంగ మేత. కిలో పొట్టులో భాస్వరం 10 గ్రాములకు పైనే, సున్నం ఒక గ్రాము, గ్రామున్నర. మీరు మూడు కిలోలు పెడుతున్నారు, అంటే భాస్వరం 30 గ్రాములు దాటింది, సున్నం మూడు నుంచి నాలుగున్నర గ్రాముల దగ్గరే ఉంది. ఉండాల్సింది దీనికి తిరగబడి, భాస్వరం ఒకటైతే సున్నం ఒకటిన్నర నుంచి రెండు. వరి తవుడు దీనికంటే అన్యాయం. దాని మీద సూపర్ నేపియర్. పాడి పశువులకు అది బాగానే ఉంటుంది, వాటి పొట్టలోని సూక్ష్మజీవులు అందులోని ఆక్సలేట్లను చాలావరకు విరగ్గొడతాయి. గుర్రానికి ఆ వసతి తక్కువ. ఆక్సలేటు మేతలో ఉన్న కాస్త సున్నాన్ని పట్టేసుకుని పేడలో బయటికి తీసుకుపోతుంది. రక్తంలో సున్నం తగ్గకూడదు కాబట్టి శరీరం ఎముకలోంచి తీసి వాడుకుంటుంది. ఇది ముదిరితే కుంటు ఒకరోజు ఈ కాలు, ఒకరోజు ఆ కాలు అని మారుతుంది, దవడ ఎముక మందమవుతుంది, ముఖం రెండు పక్కలా ఉబ్బుతుంది, నమలడానికి బాధపడుతుంది. మీ గుర్రపు పిల్ల దవడ కింది అంచును రెండు చేతులతో పట్టి చూడండి, అంచు సన్నగా పదునుగా తగలాలి.

మార్పు ఒక్కరోజులో చేయొద్దు, శూల (కడుపునొప్పి) వస్తుంది. పది రోజుల్లో కొంచెం కొంచెంగా పొట్టు తగ్గించి ఆపేయండి. దాని బదులు ఉలవలు. పాత కాలం వాళ్లు గుర్రాలకు ఉలవలు ఉడికించి పెట్టింది ఊరికే కాదు, వాటిలో సున్నం, భాస్వరం దాదాపు సరిసమానం, మాంసకృత్తులు 20 శాతం పైనే. నానబెట్టి ఉడికించినవి, ఎండు లెక్కన కిలో లోపే. వాపు ఉన్నన్ని రోజులు దాణా అంతకు మించొద్దు. కడుపు నిండాల్సింది గడ్డితో. ఎండు జొన్న చొప్ప, దాంతో పాటు పల్లి కట్టె. నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు యాసంగి పల్లీ కాయ కొట్టించాక ట్రాక్టర్ల కొద్దీ దొరుకుతుంది, సున్నం బాగా ఉన్న మేత. కాకపోతే బూజు వాసన కొట్టినా, దులిపితే తెల్లటి దుమ్ము లేచినా వద్దు. లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత వేసుకునే నీళ్లుంటే నాలుగు మడులు వేయండి. నేపియర్ మొత్తం మేతలో పావు వంతు దాటనీయొద్దు. పచ్చి జొన్న మాత్రం అస్సలు వద్దు. లేత జొన్న విషం సంగతి మీకు ఎడ్ల వల్ల తెలిసిందే, గుర్రానికి అదనంగా మూత్రాశయం, వెనక కాళ్ల నరాలు దెబ్బతింటాయి. కోళ్ల దాణా మిగిలిందని కలిపేవాళ్లను కూడా చూశాను. అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను ఆపేస్తుంది, కొంచెమైనా ప్రమాదమే.

షాపులో మినరల్ అడిగితే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) చేతిలో పెడతారు. దాంట్లో భాస్వరం కూడా ఉంటుంది, మీకు ఇప్పుడు అది ఎక్కువే ఉంది. దాణా గ్రేడు కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడి అడగండి. రోజుకు 30 గ్రాములు తడి ఉలవల్లో కలపండి, గుప్పెడు ఉప్పు రాళ్లు విడిగా నాకడానికి పెట్టండి. రాగి, జింకు ఉన్న గుర్రాల మినరల్ మిక్స్ డాక్టర్ రాసిస్తారు.

నీళ్ల గురించి మునుగోడు, మర్రిగూడ వైపు వాళ్లకు నేను చెప్పేదేముంది. ఫ్లోరైడ్ ఎముకను ఏం చేస్తుందో మీ ఊళ్లలోని పెద్దలను చూస్తే తెలుస్తుంది. పశువుకూ అదే జరుగుతుంది. ఎదిగే ఎముకలో, దవడ లోపల తయారవుతున్న పెద్ద పళ్లలో ఎక్కువగా చేరుతుంది. సున్నం తక్కువైన ఒంట్లో మరింత చెరుపు. మనుషుల తాగునీటికి హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, పశువులకు 2 దాకా అంటారు. బోరు నీళ్లు సీసాలో పట్టి జిల్లా కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా ఆగకండి, ఈ రోజు నుంచే మిషన్ భగీరథ నల్లా నీళ్లు పెట్టండి. పిల్ల తాగేది రోజుకు 20, 25 లీటర్లు, రెండు బిందెల నీళ్లు. బోరు నీళ్లు తోటకు వాడుకోండి.

షెడ్డులో రోజంతా కట్టెయ్యడం ఎక్కడం కంటే తక్కువ తప్పేమీ కాదు. అగాడీ పిచ్చాడీ, అంటే ముందూ వెనకా తాళ్లు, కట్టి నిలబెట్టిన పిల్లకు ఎముక పల్చబడుతుంది. దాని ఇష్టానికి అది ఒక్క దౌడు తీసి ఆగితే కాలి ఎముకకు అందే బలం మీరు చేయించే ఏ కసరత్తుతోనూ రాదు. వాపు తగ్గాక అరెకరం చెల్క నేలకు కంచె వేసి వదలండి. ముళ్లతీగ వద్దు, కర్రలు గానీ, సర్వే రాళ్లకు కట్టిన వెడల్పాటి పట్టీలు గానీ వాడండి. బత్తాయికి మందు కొట్టిన రోజుల్లో తోటవైపు రానీయొద్దు. తోడు లేకపోతే ఒక మేకో, దూడో ఉన్నా పరుగెత్తుతుంది.

రెండున్నరేళ్ల దాకా చేతిలో నడిపించడం, డెక్కలెత్తనివ్వడం, దూరం నుంచి డప్పు వినిపించడం చాలు. చెర్వుగట్టు జాతర వైపు తీసుకుపోయి జనాన్ని, మైకును చూపించుకు రండి, వీపు మీద ఏమీ లేకుండా. మూడేళ్లు వచ్చేలోగా ఉత్త జీను అలవాటు చేయండి, వెనక నుంచి పొడుగు పగ్గాలతో నడిపించండి. మూడున్నర దగ్గర 50 కిలోల కుర్రాడు, పావుగంట, వారానికి మూడు రోజులు, తిన్నగా నడకే. రెండు నెలలయ్యాక మళ్లీ వదిలేయండి. నాలుగు దాటాక ట్రాట్, అంటే తేలికపాటి పరుగు, ఆ తర్వాత దౌడు. బరాత్ అయిదేళ్లు నిండాకే, వెనక కాళ్ల మీద లేపడం నన్నడిగితే ఎప్పటికీ వద్దనే అంటాను. ఈ లోపు బరాత్ ఆదాయం తప్పదనుకుంటే ఏడెనిమిదేళ్ల గట్టి గుర్రం ఒకటి చూసుకోండి. రెండింటి మేత భారం అనిపిస్తే పిల్లను ఓపికున్నవాళ్లకు అమ్మెయ్యండి, అది కూడా తప్పేం కాదు.

మీ బాబు బరువు 20, 22 కిలోలుంటుంది. బరువు వల్ల అయితే రెండు నిమిషాలు కూర్చుంటే ఏం కాదు. కానీ అది చదువు రాని మగ పిల్ల, వాడు ఏడేళ్లవాడు. కాకి ఎగిరినా అది పక్కకు గెంతుతుంది. వాడికి వేరే పని అప్పజెప్పండి. చదునైన చోట పిల్లను నిలబెట్టి, నెలకోసారి మూపు ఎత్తు, పిరుదు ఎత్తు కొలిచి నోటుబుక్కులో రాయమనండి, మీరు తాడు పట్టుకోండి. పిరుదు మూపు కంటే ఎత్తుగా ఉన్నన్నాళ్లూ సాధారణంగా ఇంకా ఎదుగుదల ఉన్నట్టే. ఎక్స్‌రే, నీళ్ల రిపోర్టు, పైనా కిందా పళ్ల ఫొటోలు వచ్చాక పంపండి. వయసు మూడు దాటిందని తేలితే పై లెక్కలు ఎంత ముందుకు జరపొచ్చో అప్పుడు రాస్తాను.